తోడల్లుళ్ల కానుగ మొక్కలు

ఏమయ్యా సాయిచందూ, అయిదడుగుల మొక్క కొనుక్కొచ్చి గచ్చిబౌలి ఫ్లాటు బాల్కనీలో పెట్టుకున్నావట కదా. నర్సరీలో అన్నిటికంటే పొడుగ్గా ఉన్నదాన్నే ఏరుకున్నావనీ, కారులో పట్టకపోతే అద్దం దించి తల బయటికి పెట్టించి తీసుకొచ్చావనీ మీ ఆవిడ చెప్పింది. మొక్క తలా, నీ తలా అన్నది మాత్రం చెప్పలేదు. పదో రోజుకల్లా అది ఆకులన్నీ రాల్చి కట్టెలా నిలబడితే, నువ్వు కంప్యూటర్ ముందేసుకుని ఏం జబ్బో వెతుకుతున్నావట. జబ్బు మొక్కకు కాదు నాయనా, ఏరుకున్న కంటికి. సిగ్గుపడకు. ఇరవై ఏళ్లు మొక్కల మధ్యే బతికిన చేవెళ్ల అంతయ్య కూడా ఇదే కంటితో నీకంటే పెద్ద గోతిలో పడ్డాడు. ఇటు జరిగి కూర్చో, చెబుతాను.

చేవెళ్ల దాటాక బీజాపూర్ రోడ్డు పక్కన అంతయ్యకు ఎకరం చెలక, మెట్ట నేల, ఉండేది. వాళ్ల నాయన అడవిశాఖ నర్సరీలో మాలీగా చేసినవాడు. ఆ పని చూసి నేర్చుకుని అంతయ్య తన చెలకలో మొక్కలు పెంచడం మొదలుపెట్టాడు. గ్రీన్ నెట్ లేదు, బోర్డు లేదు. ఎర్రమట్టిలో కాస్త ఇసుక, కాస్త పశువుల పెంట కలిపి నల్ల కవర్లలో నింపేవాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే బోరు, బోరు నడిస్తేనే నీళ్లు. రెండు రోజులకోసారి, ఒక్కోసారి మూడు రోజులకోసారి తడి. నెలకోసారి అతనూ, భార్య అంతమ్మా కలిసి ప్రతి కవరునూ ఎత్తి పక్కకు జరిపి పెట్టేవాళ్లు. లేకపోతే వేరు కవరు చిల్లుల్లోంచి నేలలోకి దిగబడుతుంది. నాయన చేసేవాడు, అతనూ చేస్తున్నాడు, అంతే.

అవి హైటెక్ సిటీ చుట్టూ రోజుకో అద్దాల మేడ లేస్తున్న రోజులు. ఆ మేడల్లో పనిచేసేవాళ్లు శని, ఆదివారాలు మొయినాబాద్ మీద పడేవాళ్లు. ఒకడు అరెకరం, ఒకడు ఎకరం. కొన్నవాడు ముందు గోడ కట్టేవాడు, తరువాత గేటు పెట్టేవాడు, ఆ తరువాత గోడ కనబడకుండా చెట్లు కావాలనేవాడు. అంతయ్యకు చేతినిండా పని దొరికింది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా మొక్కలంటే అంతయ్య, అంతయ్య అంటే మొక్కలు.

అప్పుడు దిగాడు రాజమౌళి.

రాజమౌళి ఎవరో కాదు, అంతయ్యకు తోడల్లుడే. అంతమ్మ చెల్లెలు శంకరమ్మ మొగుడు. మొయినాబాద్ దగ్గర తన పొలంలో కొంత ఫాంహౌసు వాళ్లకు అమ్మి, మిగిలిన దాంట్లో నర్సరీ పెట్టాడు. పెట్టడమంటే అలా ఇలా కాదు. నేల కనబడకుండా గ్రీన్ నెట్. పైనుంచి పొద్దునా సాయంత్రం చిరుజల్లు. ఎర్రమట్టి బదులు సంచులకొద్దీ తెప్పించిన కొబ్బరిపొట్టు. వారానికోసారి నీళ్లలో కలిపి యూరియా. అంతయ్య మొక్క రెండడుగులు పెరిగేలోపు రాజమౌళి మొక్క నాలుగడుగులు దాటేది. ఆకులు నూనె రాసినట్టు మెరిసేవి. కార్లన్నీ ఆ పచ్చ నెట్ దగ్గరే ఆగడం మొదలైంది.

అంతయ్యకు అన్నం సయించలేదు. పట్నం పోయివచ్చేటప్పుడు మొయినాబాద్‌లోనే బస్సు దిగి, రోడ్డవతల నిలబడి తోడల్లుడి గేటులోకి ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్కపెట్టి, మరో బస్సెక్కి ఇంటికొచ్చేవాడు. వచ్చాక తన మొక్కల ముందు చతికిలబడి చూసేవాడు. చిన్న చిన్న మందపాటి ఆకులు, బొటనవేలంత కాండం, మోకాలు దాటని ఎత్తు. ఎండలో నిలబడి నిలబడి రంగు మాడిన కూలోళ్లలా ఉన్నాయనిపించేది.

దీనికి తోడు దొంతన్‌పల్లిలో అత్తగారింట ఒక పూట భోజనం దగ్గర జరగకూడనిది జరిగింది. ఆ ఇంట్లో యాటకూర వండితే మూలుగుండే నల్లిబొక్క పెద్దల్లుడి పళ్లెంలో పడాలి. పద్నాలుగేళ్లుగా అంతయ్య పళ్లెంలోనే పడింది. ఆ రోజు మామ గరిటె అంతయ్య ముందు ఆగకుండా నేరుగా పోయి రాజమౌళి ముందు వాలింది. పైగా చిన్నల్లుడు నెట్ కింద పెంచిన మొక్కల్ని చూడ్డానికి పట్నం నుంచి కార్లు వస్తున్నాయని మామ వంకాయ కూర వడ్డించేదాకా చెప్పాడు. రాజమౌళి ఆ బొక్కను జుర్రుతున్న చప్పుడు అంతయ్య చెవిలో వారం రోజులు మోగింది.

అలాంటి సమయంలో చిల్కూరు పోయే దారిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్ద క్యాంపస్ కట్టడం మొదలుపెట్టింది. అక్కడ తోటల పని చూసే ఆఫీసరు అరుణశ్రీ. వ్యవసాయం చదువుకున్న మనిషి, మాట తక్కువ. తోడల్లుళ్లిద్దర్నీ పిలిపించి, క్యాంపస్ మొత్తానికి నాలుగు వేల కానుగ మొక్కలు కావాలని, ఇద్దరూ తలా యాభై మొక్కలు తెచ్చి ఇవ్వమని చెప్పింది. ప్రహరీ పక్కన రెండు వరసలు నాటిస్తుంది. మొదటి రెండు నెలలు రోజూ నీళ్లు, ఆ తరువాత వారానికి ఒక్క ట్యాంకరు. వచ్చే ఏడాది మిరుగం, అదే మృగశిర కార్తె, నాటికి ఎవరి వరసలో ఎక్కువ బతికి ఉంటే నాలుగు వేలూ వాళ్లవే. మొక్కలు కలిసిపోకుండా అంతయ్యకు ఎర్ర రిబ్బన్లు, రాజమౌళికి నీలం రిబ్బన్లు ఇచ్చింది. నాటే పనివాళ్లు రిబ్బను చూసి అదే రంగు కట్టె పాతాలి, రిజిస్టరులో రాయాలి. ఎవరి నర్సరీకీ తాను రానంది. చూస్తే మనసు ఒకవైపు లాగుతుందట.

ఆ నాలుగు వేల మొక్కలు తనకు రావాలి. వస్తే పెద్దల్లుడు పెద్దల్లుడవుతాడు. రాకపోతే చేవెళ్లలో కూడా రాజమౌళి పేరే చెప్పుకుంటారు. అంతయ్యకు మరో ఆలోచన లేదు.

మొక్కలు దించే రోజు రెండు ట్రాలీలూ ఒకేసారి వచ్చాయి. రేకుల షెడ్డు కింద యాభై పక్కన యాభై పెట్టారు. నాటడం మర్నాడు పొద్దున. అంతయ్య చూశాడు. ఒకవైపు ఛాతీ ఎత్తున పచ్చగా ఊగుతున్న రాజమౌళి మొక్కలు, పక్కనే మోకాళ్ల దగ్గర తన మొక్కలు. పెళ్లికి పోతే చిరిగిన చెప్పులు బయటే దాచుకోవాలనిపించినట్టు, తన మొక్కల ముందు నిలబడి దాచుకోబోయాడు.

ట్రాలీ వెనకే స్కూటర్ మీద శంకరమ్మతో వచ్చిన రాజమౌళి, అంతయ్య కవరు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పైకెత్తి బరువు చూశాడు. కాండాన్ని వేలితో వంచి వదిలాడు. మెల్లగా కింద పెట్టాడు. అది జాలి అనుకున్న అంతయ్యకు చెంపదెబ్బలా తగిలింది. అప్పుడే మనసులో పురుగు తొలిచింది.

"తమ్మీ, ఇక్కడిదాక వచ్చినవ్, చిల్కూరు పక్కనే ఉన్నది," అన్నాడు తియ్యగా. "శంకరమ్మను గుడికి తీస్కపో. మొక్కలు నేను సూస్త, ఫికర్ చెయ్యకు."

"నిజమే అన్నా. మొన్నటిసంది అడుగుతనే ఉన్నది," అని రాజమౌళి వెంటనే స్కూటర్ తీశాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని అంతయ్య అనుకోలేదు. వెనక కూర్చున్న శంకరమ్మ, బావ పేరున కూడా ఒక ప్రదక్షిణ చేస్తానని చెప్పి వెళ్లింది.

కూలీలు సద్దులు విప్పుకోవడానికి అవతలి గోడ నీడకు పోయారు. అంతయ్య పనిలోకి దిగాడు. యాభై ఎర్రవి విప్పాలి, యాభై నీలంవి విప్పాలి, మళ్లీ వంద కట్టాలి. వినడానికి తేలిక, చేయడానికి కాదు. కొన్ని ముళ్లు పళ్లతో లాగితే గానీ రాలేదు. ఒకచోట రెండు రంగులూ ఒకే మొక్కకు కట్టి, తప్పు చూసుకుని, నెత్తిన కొట్టుకున్నాడు. మధ్యలో ఎవరో దగ్గినట్టయితే చేతిలో రిబ్బన్లు వీపు వెనక దాచుకున్నాడు. షెడ్డు వెనక గోడవైపు చూశాడు, ఎవరూ కనబడలేదు. ముళ్లు గబగబా వేసి చెమట తుడుచుకునేసరికి పొడుగు మొక్కలన్నీ ఎర్ర రిబ్బన్లతో పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. పొట్టివి నీలం కట్టుకుని ఒదిగి ఉన్నాయి. అంతయ్య గేటు దాకా పోయి బీడీ ముట్టించి, ప్రపంచం ఇప్పుడు సరిగ్గా ఉందనుకున్నాడు.

సాయంత్రం రాజమౌళి వచ్చి ప్రసాదం చేతిలో పెట్టాడు. మొక్కలవైపు చూశాడు.

"రేపు వాన పడేటట్లున్నది అన్నా," అన్నాడు రాజమౌళి, ఆకాశం చూసి.

అంతే. ఇంకేం లేదు. ఇంటికి పోయేదాకా అంతయ్యకు నవ్వాగలేదు. కన్నబిడ్డల్లా పెంచిన మొక్కల్ని గుర్తుపట్టలేనివాడికా మామ నల్లిబొక్క వేసింది అనుకున్నాడు. అంతమ్మ ఏమైందని అడిగితే, "మీ చెల్లె మొగడు ఉత్త అమాయకుడే. నేనే ఊకె పరేషాన్ అయిన," అన్నాడు.

మొదటి నెలంతా వాన. ఎర్ర కట్టెల వరస నిగనిగలాడింది. అంతయ్య మామను ఆటోలో ఎక్కించుకుపోయి, గేటు బయట నుంచే చూపించాడు. ఆ మధ్యాహ్నం దొంతన్‌పల్లిలో నల్లిబొక్క తిరిగి తన పళ్లెంలోకి వచ్చింది. నీలం వరస మాత్రం నాటినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. కొత్త ఆకు ఒక్కటి లేదు. అది చూసి అంతయ్యకు జాలి కూడా వేసింది, రాజమౌళి మీద.

వానలు ఆగాయి. పదిహేను రోజులు కాసిన ఎండకు ఎర్ర వరసలో ఆకుల అంచులు అప్పడాల్లా మాడాయి. నెట్ కింద చల్లగా పెరిగిన ఆకు, ఎండ అంటే ఏమిటో దానికి తెలియదు. తరువాత గాలి తోలింది. సన్నటి పొడుగు కాండాలు తాగినవాళ్లలా ఒకదాని మీద ఒకటి వాలాయి. అంతయ్య కంపెనీ వాచ్‌మన్‌ను బతిమాలి లోపలికి పోయి, కట్టెలకు తాళ్లతో కట్టి నిలబెట్టాడు. రోజూ పోసే నీళ్లు ఆగి వారానికి ట్యాంకరు మొదలయ్యాక, రెండేసి మూడేసి ఎండటం మొదలైంది.

దసరా వెళ్లాక ఒకరోజు చూస్తే నీలం వరసంతా రాగిరంగు చిగుళ్లు. ఇన్నాళ్లూ పైన కదలకుండా నేల కింద వేళ్లు తన్నుకుంటూ కూర్చున్నాయన్నమాట. అంతయ్య మనసు ఒక్కసారి పొంగింది. శభాష్ బిడ్డా అని ఒకదాన్ని నిమిరాడు కూడా. నిమిరిన చేతికి నీలం కట్టె తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. ఇవి రాజమౌళివి.

అక్కడి నుంచి అంతయ్య పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. ఊళ్లో ఎవరి మొక్కల మీదైనా అసూయ పడొచ్చు, తన మొక్కల మీద తనే ఏడవడం ఎవరికైనా చెప్పుకోగలడా? ఎర్ర వరసలో ఒకటి ఎండితే తన పరువు ఎండేది. నీలం వరసలో ఒకటి చిగురిస్తే తన పనితనమే వచ్చి తన కళ్లలో కారం కొట్టేది. ఒకనాడు నీలం వరసలో ఒక మేక పడి నాలుగు కొమ్మలు కొరికింది. అదిలించాలో, ఇంకా కొరకమనాలో తెలియక చేతిలో రాయి పట్టుకుని నిలబడిపోయాడు. చివరికి అదిలించాడు. చేతులు ఊరుకోలేదు మరి. ఎండాకాలంలో నిద్రలో కూడా నీలం నీలం అంటున్నాడని అంతమ్మ దవాఖానకు పోదామంది.

మిరుగం వచ్చింది. అరుణశ్రీ ఇద్దర్నీ పిలిచి వరసల వెంట నడిచింది. ఎర్ర వరసలో బతికినవి నాలుగు. నీలం వరసలో నలభై ఏడు, భుజమెత్తున.

ఆమె ఎర్ర కట్టె పక్కనున్న ఎండు మొక్క ఒకటి పట్టుకుని లాగింది. ముల్లంగిలా ఊడొచ్చింది. కింద వేళ్లు కవరు ఆకారంలోనే గుండ్రంగా, నులకచుట్టలా ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. ఏడాదిలో ఒక్క వేరు పక్క మట్టిలోకి పోలేదు.

"చూడండి అంతయ్యగారూ," అంది మెత్తగా. "నీడలో ఉంచారు, నీళ్లు రోజూ పోశారు, యూరియా ఎక్కువిచ్చారు. పైన అంతా ఆకు, కింద వేరు లేదు. ఒకే కవర్లో ఎక్కువ కాలం ఉంచేశారు, కదిలించలేదు. ఇంత ముద్దు చేస్తే బయటికొచ్చాక ఎట్లా బతుకుతాయి? రాజమౌళిగారు ఎండలో పెంచారు, నీళ్లు అలవాటు తప్పించారు, కవర్లు జరుపుతూ ఉన్నారు. తెలుస్తూనే ఉంది. మీరొకసారి వాళ్ల నర్సరీకి పోయి చూసి నేర్చుకోండి."

రాజమౌళి గంభీరంగా తలూపాడు. "నేను చెప్త మేడం. మా అన్ననే గదా," అని అంతయ్య భుజం మీద చెయ్యేశాడు. "అన్నా, కవర్లు నెలకొకసారి ఎత్తి పెట్టాలె. ఎండ తగలనియ్యాలె. జర ఓపిక కావాలె, అంతే."

అంతయ్య నోరు తెరిచాడు. కవర్లు ఎత్తి ఎత్తి నడుం పడిపోయింది తనకు. నాయన నేర్పిన పని అది. అవి నావి అనాలి. అన్న మరుక్షణం, మరి నీలం రిబ్బను ఎందుకుందని ఆమె అడుగుతుంది. ఎటునుంచి మొదలుపెట్టినా మాట వచ్చి ఆ షెడ్డు కిందే ఆగుతోంది. చెప్పడానికేమైనా ఉందా అని అరుణశ్రీ అడిగింది.

"మంచిగున్నయ్ మేడం," అన్నాడు అంతయ్య.

నాలుగు వేల మొక్కల కాగితం రాజమౌళి చేతిలోకి వెళ్లింది. ఆ కాగితంలో ఒక మాట ఉంది: అన్నీ అచ్చం నీలం వరస మొక్కల్లాగే పెంచినవి అయి ఉండాలి.

మర్నాడు పొద్దున్నే రాజమౌళి స్కూటర్ చేవెళ్ల చెలక దగ్గర ఆగింది. అంతయ్య కవర్లు జరుపుతున్నాడు, తలెత్తలేదు. రాజమౌళి వంగి తనూ రెండు కవర్లు జరిపి మాట కదిలించాడు. ఆర్డరు తనదేననీ, కాని మొక్కలు ఇక్కడే పెంచాలనీ, అన్న పెంచితే తను బోర్డు వేసుకుని పంపుతాననీ చెప్పాడు. నెట్ కింద మొక్కలు పోయినేడాది నుంచీ నాటినచోటల్లా ఎండిపోతున్నాయనీ, కొన్నవాళ్లు ట్రాలీల్లో తెచ్చి గేటు ముందు పడేసి పోతున్నారనీ, ఆ సంగతి శంకరమ్మకు కూడా చెప్పకుండా దాచాననీ ఒప్పుకున్నాడు.

అంతయ్య ఇక ఆగలేదు. మట్టి చేతులతోనే లేచి నిలబడ్డాడు.

"తమ్మీ, ఒక మాట జెప్త, ఇనుకో. నువ్వు గెలిచిన మొక్కలు నాయి. ఎండినయి నీయి. ఆ దినం నిన్ను చిల్కూరు తోలి, రిబ్బన్లు నేనే మార్చిన."

ఈ దెబ్బతో తోడల్లుడి మొహం మాడిపోవాలని, ఏడాదిగా మోస్తున్న బరువు అతని నెత్తి మీదికి పోవాలని చూశాడు. రాజమౌళి ఇంకో కవరు ఎత్తి, బరువు చూసి, జరిపి పెట్టాడు.

"ఎర్కనే అన్నా. శంకరమ్మను గుడికాడ దింపి నేను మళ్లొచ్చిన. నీ మొక్క చేతిల పట్టుకున్నప్పుడే ఓడిపోయిన అనుకున్న. రిబ్బన్లు మారుద్దామనే వచ్చిన. వచ్చేసరికి నువ్వు మారుస్తున్నవ్. ఇద్దరం మారిస్తే మళ్ల మొదటికే వస్తది గదా అని గోడెన్క కూసున్న." చేతుల మట్టి దులుపుకున్నాడు. "ఆఖర్ల నాలుగు ముళ్లు లూజుగ కట్టినవ్. నువ్వు బీడీ తాగొచ్చేలోపట నేనే గట్టిగ బిగించిన."